నలభై అడుగుల ఇసుక

బద్వేలు,
9 నవంబరు 1958, ఆదివారం.

అన్న సోమన్నకు,

నీ స్నేహితుడు లేవి రెండు చేతులూ జోడించి చేసే వందనాలు. దేవుని దయ వల్ల నేను, విశ్వాసమ్మ, పిల్ల ఈ పూటకు సుఖంగా ఉన్నాము. నువ్వూ, మీ అమ్మా కూడా అట్లే ఉండాలని కోరుకుంటూ ఈ జాబు మొదలుపెడుతున్నాను. కవరు వెనుక నా పేరు చూసి నువ్వు దీన్ని విప్పకుండా పక్కన పడేసినా నిన్ను తప్పు పట్టలేను. విప్పితే మాత్రం చివరిదాకా చదువు.

నీకు అక్షరం ముక్క రాసి మూడేళ్లయింది. ఈ మూడేళ్లలో నాలుగు సార్లు మొదలుపెట్టి నాలుగు సార్లూ చించేశాను. ఎమ్మిగనూరు నుంచి లారీలో బట్టల మూటలు తెచ్చే తిమ్మన్న పోయిన నెల ఇక్కడ బజారులో కనపడ్డాడు. నీ సంగతి అడిగాను. నువ్వు మగ్గం ఎక్కడం లేదని, ఇతరుల మగ్గాలకు కండెలు చుట్టి ఇస్తూ బతుకుతున్నావని చెప్పాడు. ఎందుకని అడిగితే, ఆయప్ప చేతులు ఇప్పుడు నేతకు లేవడం లేదంట అన్నాడు. నీ భార్య హంపమ్మ తిరిగి రాలేదని, ఇంకా పుట్టింట్లోనే ఉందని కూడా చెప్పాడు. ఆ మాటలు విన్న దగ్గర నుంచి నాకు అన్నం సరిగా పోవడం లేదు.

ఇక్కడి సంగతులు కొంచెం రాస్తాను. నన్ను బద్వేలుకు మార్చి ఏడాదిన్నర అయింది. చెరువు తూము మరమ్మతు పని. నేల గట్టి రాతి నేల. మన కాలువ దగ్గరి దిన్నె లాంటి ఇసుక ఇక్కడ మచ్చుకైనా లేదు. ఈ ఏడు వేరుశనగ బుడ్డలు బాగా కాశాయి. విశ్వాసమ్మ మిషను బడిలో చిన్న పిల్లలకు చదువు చెబుతోంది. మా పిల్లకు జనవరికి మూడేళ్లు నిండుతాయి. నువ్వు దాన్ని చూడనే లేదు. మనం విడిపోయిన మూడు నెలలకు పుట్టింది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. నీ గట్టు నిలబడి ఉంది సోమన్నా.

పోయిన నెల పద్నాలుగో తేదీన, అక్కడ వదిలేసిన దిమ్మిసలూ పారలూ తీసుకురమ్మని ఆఫీసు వాళ్లు నన్ను మళ్లీ మనం కలిసి పని చేసిన ఆ కాలువ మీదికి పంపారు. వానలు అప్పుడే వెలిశాయి. కాలువ నిండా ఎర్రనీళ్లు పారుతున్నాయి. నేను దిన్నె దగ్గరికి పోకుండా తప్పించుకుందామనుకున్నాను, కానీ గోదాముకు వేరే దారి లేదు. తల వంచుకొని నడుస్తూ నడుస్తూ ఒకచోట ఆగిపోయాను. నువ్వు దారం కలిపి కట్టిన వాలంతా గడ్డి మొలిచి పచ్చగా ఉంది. పాదం దగ్గర, మోకాలెత్తున, ఎప్పటిలాగే ఊట నీళ్ల జాలు కారుతోంది. దోసిలి పట్టి చూశాను. నీళ్లు తేటగా ఉన్నాయి, ఒక్క ఇసుక రేణువు లేదు. వేలితో గట్టును గీకితే అంగుళం లోపల నీ తెల్ల దారం తగిలింది. లాగి చూశాను, రాలేదు. మూడు వానాకాలాలు ఆ తడిలో ఉండి కూడా కుళ్లలేదు.

పడిపోయిన నలభై అడుగుల చోట తర్వాత వాళ్లు రాతి గోడ కట్టారు. అది అప్పుడే పొట్ట ఉబ్బి ముందుకు వచ్చింది. రాళ్ల సందుల్లోంచి ఇసుకా నీళ్లూ కలిసి ఊరుతున్నాయి.

నేను అక్కడ కూర్చుండిపోయాను.

నీకు తెలిసిన సంగతులే కొన్ని మళ్లీ రాయబోతున్నాను, విసుక్కోవద్దు. ఈ జాబు నీ ఒక్కడి కోసమే రాయడం లేదు. హంపమ్మకు కూడా దీన్ని చూపించాలి. ఆమెకు గట్టు సంగతి ముక్కలు ముక్కలుగానే తెలుసు, మొదటి నుంచీ ఎవరూ వరసగా చెప్పలేదు.

యాభై అయిదులో నూలు దొరక్క మగ్గాలు ఆగిపోయినప్పుడు నువ్వు కాలువ పనికి వచ్చావు. నువ్వు, హంపమ్మ, ఆమె అక్క మద్దమ్మ. మొగుడు పోయిన మద్దమ్మ తనకు పిల్లలు లేకపోవడంతో చెల్లెలినే బిడ్డలా పెంచిందని నువ్వే నాకు చెప్పావు. నేను అప్పటికి ఆ పనికి కొత్త. ఇరవై ఆరేళ్ల వయసు. మా పేటలో సర్కారు ఉద్యోగం దొరికిన మొదటివాణ్ని. వర్కు మేస్త్రీ అని పేరే కానీ, కూలీల్లో సగం మంది నా చేతి మీదుగా మంచినీళ్లు తీసుకునేవాళ్లు కాదు. నువ్వు వచ్చిన రెండో రోజు మధ్యాహ్నం నేరుగా నా గుడిసెకు వచ్చి, నా కుండలో చెంబు ముంచి తాగి, మూతి తుడుచుకొని, నీ నీళ్లు సల్లగా ఉండాయి మేస్త్రీ అన్నావు. తర్వాత మీ వాళ్లు నిన్ను ఎన్ని మాటలన్నారో నాకు తెలుసు. నువ్వు మాత్రం రోజూ వచ్చి తాగావు.

మన పనంతా ఆ దిన్నె దగ్గరే ఆగిపోయింది కదా. కాలువ దారికి అడ్డం వచ్చిన ఆ ఇసుక దిన్నెను మనం నిలువునా కోశాము. పైన పాతికడుగుల ఇసుక, దాని అడుగున సుద్దమన్ను. పైన పడిన వానంతా ఇసుకలోకి దిగి, సుద్ద మీద ఆగి, కోసిన మొగంలోంచి బయటికి ఊరేది. ఊరినప్పుడల్లా ఇసుకను వెంట తెచ్చేది. కింద కొంచెం జారితే పైనున్నదంతా కూలేది. మనం ఎత్తిపోసేది, అది మళ్లీ కూలేది. ఓవర్సీరు రాతి గోడ కట్టించాడు. గోడ వెనుక నీళ్లు చేరి నెల తిరక్కుండా దాన్ని తోసేశాయి. బంకమన్ను మెత్తించాడు. అది పెచ్చులు పెచ్చులుగా ఊడింది. కంప కట్టలు కట్టించాడు. అవి ఇసుకతో పాటే కిందికి వచ్చాయి. దిన్నె మొగం మూడువందల అడుగుల పొడుగు. అంత పొడుగునా ఎక్కడ కాలు పెట్టినా నమ్మకం లేదు. ఆ ఏడు వానలకు ముందే అది నిలబడకపోతే కింద పదకొండు ఊళ్లకు నీళ్లు రావని పై వాళ్ల దగ్గర నుంచి కాగితాలు వచ్చేవి.

అప్పుడు నీ దారం సంగతి బయటపడింది. హంపమ్మకు ఇది గుర్తుండే ఉంటుంది, ఎందుకంటే మొదట చూసింది ఆమే. యుద్ధంలో సోల్జర్లు విమానాల్లోంచి దూకే గొడుగుల గుడ్డ కర్నూలులో మూటలు మూటలుగా అమ్ముతుంటే, నూలు లేని రోజుల్లో నువ్వు దాన్ని కొని పోగులుగా విప్పావు. అంచుల్లో వేస్తే పట్టులా మెరుస్తుందని నీ ఆశ. ఆ నైలాను దారానికి మీ రంగులు పట్టలేదు. ఎంత ఉడకబెట్టినా కడిగితే తెల్లగానే వచ్చింది. పనికిరాని దారాన్ని మూటగట్టి తట్టలకు తాళ్లు పేనడానికి తెచ్చుకున్నావు. గుడిసె ముందు కూర్చొని తెంపిన ముక్కలు ఇసుకలో కలిసిపోయేవి. హంపమ్మ అంట్లు తోమడానికి అక్కడే ఇసుక గీకేది. ఒకరోజు ఆమె గీకిన గుంత గోడ కూలకుండా నిలువుగా నిలబడి ఉండటం చూసి, ఇదేంది ఇట్ల ఉండాది అని నిన్ను పిలిచిందట. మీరు పారబోసిన నీళ్లు ఆ గోడలోంచి కారుతున్నాయి కానీ ఇసుక కదలడం లేదు.

నువ్వు నన్ను చేయి పట్టి లాక్కుపోయి చూపించావు. మరుసటి రోజు మనిద్దరం రెండు కుప్పలు పోశాము. ఒకటి ఉత్త ఇసుక, ఇంకొకటి జానెడు జానెడు దారం తెంపి కలిపిన ఇసుక. రెండింటినీ దిమ్మిసతో కొట్టి, వెనుక నుంచి కడవలతో నీళ్లు పోశాము. మొదటిది మూడో కడవకే కరిగి పరుచుకుంది. రెండోదానికి పద్నాలుగు కడవలు పోశాము. నీళ్లు దాని అడుగు నుంచి బయటికి వచ్చాయి, కుప్ప అట్లే ఉంది. నేను నోరు తెరుచుకొని చూస్తుంటే నువ్వు చెప్పిన మాట నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

"నీళ్లను ఎందుకప్పా ఆపేది? అది పోయేది పోనీ. ఇసుకను పట్టుకుంటే సాలు. ఇది పడుగూ పేకా లేని నేత."

ఇంజనీరు పుస్తకాలు చదివిన వాళ్లకు ఎవరికీ ఆ మాట తట్టలేదు. వాళ్లంతా నీళ్లకు అడ్డం కట్టాలనే చూశారు.

ఓవర్సీరు మొదట నవ్వాడు. తర్వాత ఇరవై అడుగులు కట్టి చూడమన్నాడు. అది ఒక జడివానకు నిలబడేసరికి, కర్నూలు నుంచి ఇంకా దారం మూటలు తెప్పించి మొత్తం కట్టేయమన్నాడు. ఆ మూడు నెలలు నా బతుకులో మంచి రోజులు. నువ్వు కూలీలకు దారం విదిలించడం నేర్పావు. ముద్దగా పడితే పని చెయ్యదని, ప్రతి తట్టకూ పిడికెడు దారం వేళ్ల సందుల్లోంచి రాల్చాలని, జానెడు మందాన పరిచి తడిపి కొట్టి ఆ పైన ఇంకో పొర వెయ్యాలని చెప్పేవాడివి. మద్దమ్మ అందరికంటే బాగా విదిలించేది. ఆమె చేతిలోంచి దారం వాన చినుకుల్లా పడేదని నువ్వే మెచ్చుకున్నావు. ఆమె సిగ్గుపడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

రెండువందల అరవై అడుగులు కావస్తుండగా మీ అమ్మకు జ్వరం ఎక్కువైందని కబురు వచ్చింది. హంపమ్మను తీసుకొని నువ్వు ఊరికి పోయావు. మద్దమ్మ పని పోగొట్టుకోవడం ఇష్టం లేక గుడిసెలోనే ఉండిపోయింది. మీరిద్దరూ తొమ్మిది రోజులకు తిరిగి వచ్చేసరికి చివరి నలభై అడుగులు కూడా పూర్తయ్యాయి. దారం సరిపోయిందా అని అడిగావు. సరిపోయిందని చెప్పాను. పెద్ద ఆఫీసరు వచ్చి చూసి మెచ్చుకొని పోయాడని కూడా చెప్పాను. నువ్వు సంతోషపడి నా వీపు మీద చరిచావు.

అక్టోబరులో ముసురు పట్టింది. నాలుగు రోజులు వదలకుండా కురిసి అయిదో రోజు తెరిపి ఇచ్చింది. చివరి నలభై అడుగుల పాదం దగ్గర ఇసుక కొంచెం కారి కాలువలో పడితే ఎత్తిపోయడానికి ఆడవాళ్లు దిగారు. నువ్వు అవతలి గట్టు మీద ఉన్నావు. పొద్దున తొమ్మిది దాటింది. పెద్ద చప్పుడు కూడా కాలేదు. పై నుంచి ఒక బారు ఇసుక తెర దించినట్టు దిగింది. నలుగురు ఆడవాళ్లు పక్కకు దూకారు. మద్దమ్మ తట్ట నెత్తికి ఎత్తుకుంటూ ఉండిపోయింది.

నువ్వు కాలువలో నిలిచిన వాన నీళ్లలో పడి లేస్తూ వచ్చావు. మనం చేతులతో తవ్వాము. పార వేస్తే ఆమెకు తగులుతుందేమోనని పార వెయ్యలేదు. బయటికి తీసేసరికి ఆమెలో ఊపిరి లేదు. ఆమె కుడి చేతి వేళ్లకు తెల్ల దారం పోగులు చుట్టుకొని ఉన్నాయి. పైన కూలిన చోట అంచున కూడా తెగిన దారం వేలాడుతోంది. నువ్వు ఒకసారి ఆ చేతిని, ఒకసారి ఆ అంచును చూశావు. ఆ చూపు నేను మరిచిపోలేను. హంపమ్మ అప్పుడే పరుగెత్తుకుంటూ వచ్చి, అక్క తలను ఒడిలో పెట్టుకొని, నీ వైపు చూసి ఒకే మాట అన్నది.

"నీ దారమే మా యక్కను సంపె."

విచారణ మూడు రోజుల్లో ముగిసింది. ఓవర్సీరు, ఒక నేతగాడి పిచ్చి ఆలోచనను నమ్మడం వల్ల జరిగిందని రాశాడు. నన్ను అడిగినప్పుడు గట్టంతా ఒకే తీరుగా కట్టామని చెప్పాను. అంతకంటే ఒక్క మాట ఎక్కువ చెప్పలేదు. నిన్ను పనిలోంచి తీసేశారు. దారం కలిపే పద్ధతి ఇంకెక్కడా వాడరాదని ఆర్డరు వచ్చింది. హంపమ్మను వాళ్ల అన్న వచ్చి బండిలో తీసుకుపోయాడు. నీ మిగిలిన దారం మూటకు నువ్వు గుడిసె ముందు నిప్పు పెట్టావు. అది నూలులా కాలలేదు, కరిగి నల్లని ముద్దయింది.

నీ పెట్టె నేనే బస్సు దాకా మోసుకొచ్చాను. నువ్వు ఎక్కబోతూ నా భుజం మీద చెయ్యి వేశావు. నీ ఉద్యోగానికి ఏం కాలేదు కదప్పా అని అడిగావు. ఏం కాలేదన్నాను. అయితే సాలు అన్నావు. తర్వాత, "నా తల పొగరుకు మనిషి పాయె, లేవప్పా" అని, ఇంక వెనక్కి చూడకుండా ఎక్కి కూర్చున్నావు. బస్సు కదిలి దుమ్ములో కలిసిపోయేదాకా నేను అక్కడే ఉన్నాను. ఆపి ఎక్కి నీ పక్కన కూర్చోవాల్సింది.

ఇప్పుడు ఈ జాబు రాయడానికి కారణం చెబుతాను. పోయిన నెల నేను ఆ గట్టు కింద కూర్చొని ఉంటే, అక్కడికి కొత్తగా వచ్చిన ఇంజనీరు జీపు దిగి వచ్చాడు. చిన్న వయసువాడు. మనుషుల్ని కూర్చోబెట్టి మాట్లాడే రకం. అతను ఆ వాలును ఏడాదిగా గమనిస్తున్నాడట. పక్కన రాతి గోడ ఉబ్బుతోంది, ఇది చెక్కు చెదరలేదు, లోపల ఏముంది అని పాత కూలీలందరినీ అడిగాడట. నన్నూ అడిగాడు. దారం ఉందన్నాను. ఎవరి ఆలోచన అన్నాడు. ఎమ్మిగనూరు నేతగాడు సోమన్నది అన్నాను. అతను జేబులోంచి కాగితం తీసి నీ పేరు రాసుకున్నాడు. ఆ కాలువకే దిగువన ఇట్లాంటి దిన్నె ఇంకొకటి కోయాలట. పద్ధతి వద్దన్న ఆర్డరు తాను రద్దు చేయిస్తానని, నిన్ను పిలిపించి కూలీలకు నేర్పిస్తానని అన్నాడు. మళ్లీ ఎక్కడా మనిషి ఇసుక కింద పడకూడదు, అందుకు ఈ నేతగాడు కావాలి అన్నాడు.

నువ్వు రావాలి సోమన్నా. వద్దని అనుకుంటావని నాకు తెలుసు. కానీ రెండువందల అరవై అడుగులు మూడేళ్లుగా నిలబడి ఉన్నాయి. నీ ఆలోచనలో తప్పు లేదు. ఆ రోజు జరిగింది దైవ నిర్ణయం అనుకో. వాన ఎక్కువ కురిసింది, చివరి చోట ఊట ఎక్కువై ఉంటుంది. గడిచిపోయినదాన్ని మనం మార్చలేము. మీ అమ్మకు నా నమస్కారాలు చెప్పు. ఎప్పుడు వస్తావో రెండు ముక్కలు రాస్తే నేను కర్నూలు బస్టాండుకు వచ్చి కలుసుకుంటాను.

నీ నీళ్ల కుండ స్నేహితుడు,
లేవి

తా.క.
11 నవంబరు, మంగళవారం.

పై జాబు ఆదివారం మధ్యాహ్నమే ముగించి విశ్వాసమ్మకు చదివి వినిపించాను. ఆమె చేటలో జొన్నలు చెరుగుతూ ఆపకుండా విన్నది. అంతా అయ్యాక చేట కింద పెట్టి అడిగింది.

"ఆ నలభై అడుగుల సంగతి యాడ రాసినావు?"

రాయలేదన్నాను. పోయిన ఏడు పెద్ద జ్వరం వచ్చినప్పుడు నేనే ఆమెకు ఆ సంగతి చెప్పేశాను. అప్పటి నుంచి ఆమె నన్ను ఒక్క మాట అనలేదు, ఎప్పుడు రాస్తానా అని చూస్తోంది. మిగతాదంతా నిలబడి ఈ చివర మాత్రమే పడిందంటే, తాను దగ్గర లేనందుకే పడిందని ఆయప్ప ఇంకా కుంగిపోతాడు కదా అన్నది. "ఇది సగం జాబు. నువ్వు రాయకుంటే నేను రాస్తా" అన్నది. రెండు రోజులు దీన్ని బైబిలులో పెట్టి తిరిగాను. ఈ రోజు బయటికి తీశాను.

సోమన్నా, ఆ నలభై అడుగుల్లో నీ దారం ఒక్క పోగు కూడా లేదు. అది ఉత్త ఇసుక.

నువ్వు ఊరికి పోయిన మూడో రోజుకే, సరిగ్గా రెండువందల అరవై అడుగుల దగ్గర, దారం అయిపోయింది. కర్నూలు నుంచి రావాల్సిన మూటలు రాలేదు. పోయేటప్పుడు నువ్వు నాకు చెప్పి పోయావు. "దారం రాకుంటే పని నిలిపెయ్యి లేవప్పా. ఉత్త ఇసుక మాత్రం ఎయ్యొద్దు, అది నిలబడేది కాదు" అన్నావు. సోమవారం పెద్ద ఆఫీసరు వస్తాడని, అప్పటికి ఆ గండి కనపడకూడదని ఓవర్సీరు తొందర పెట్టాడు. దారం ఉందా అని అతను అడగలేదు. లేదని నేనూ చెప్పలేదు. చెబితే, మేస్త్రీగా ముందే చూసుకోలేకపోయావా అంటాడని భయపడ్డాను. నీ దగ్గర పని నేర్చిన వాళ్లను, మద్దమ్మను కూడా, వేరే చోటికి పంపేసి, కొత్త కూలీలతో తడి ఇసుక పోయించి, దిమ్మిసతో కొట్టించి, పైన నున్నగా చేయించాను. చూడటానికి అంతా ఒకే తీరుగా ఉంది.

ఆఫీసరు పోయాక తవ్వి మళ్లీ కట్టిద్దామనుకున్నాను. దారం మూటలు వచ్చాయి కూడా. కానీ మరుసటి రోజే నువ్వు వచ్చావు. తవ్వాలంటే నీకు చెప్పాలి. నా వీపు మీద చరిచిన నీకు ఆ మాట చెప్పలేకపోయాను. మూటలు గోదాములో పెట్టి తాళం వేశాను. జైలు భయం, ఉద్యోగం పోతుందన్న భయం మద్దమ్మ పోయాక వచ్చాయి. మొదట వచ్చింది సిగ్గే. అంత చిన్నదానికి ఒక మనిషి పోయింది.

ఆ రోజు పాదం దగ్గర ఇసుక కారుతుంటే ఎందుకు కారుతోందో తెలిసినవాణ్ని నేనొక్కణ్నే. అయినా దాన్ని ఎత్తిపోయమని ఆడవాళ్లను దించింది నేనే. మద్దమ్మను పేరు పెట్టి పిలిచి దించాను. ఆమె వేళ్లకు చుట్టుకున్నది, పక్కనున్న నీ గట్టు అంచు చీలినప్పుడు రాలిన దారం. నువ్వు దాన్ని చూసి ఏమనుకున్నావో నాకు ఆ క్షణమే తెలుసు. తెలిసి ఊరుకున్నాను. దైవ నిర్ణయం అని పైన రాసిన మాట కొట్టేద్దామనుకున్నాను. కొట్టెయ్యకుండా ఉంచాను, నేను ఎట్లాంటివాణ్నో నీకు తెలియాలని.

ఇదంతా వేరే కాగితం మీద రాసి, సంతకం పెట్టి, ఆ కొత్త ఇంజనీరుకు రిజిస్టరు పోస్టులో ఈ రోజే పంపుతున్నాను. ఉద్యోగం ఉంటుందో లేదో, కేసు పెడతారో తెలియదు. విశ్వాసమ్మ బడి జీతంతో పిల్లను సాకుతానన్నది. నన్ను క్షమించమని రాయడం లేదు. అది అడిగితే నువ్వు ఇచ్చేస్తావు, నీ గుణం నాకు తెలుసు.

హంపమ్మకు ఈ జాబు నువ్వు చూపించాలని పైన రాశాను. అది కూడా తప్పే. ఆ పని నీ మీద వెయ్యకూడదు. వచ్చే ఆదివారం నేనే వాళ్ల ఊరికి పోతున్నాను. లోపలికి రమ్మన్నా పోను. వాకిట్లో నిలబడి, వాళ్ల అన్న ముందర, మద్దమ్మ ఎట్లా పోయిందో ఉన్నది ఉన్నట్టు చెబుతాను. కొడితే కొట్టించుకుంటాను. నీ దగ్గరికి తిరిగి పొమ్మని మాత్రం ఆమెను అడగను, ఆ మాట అనే హక్కు నాకు లేదు. చెప్పాల్సింది చెప్పి, వాళ్లు పొమ్మనేదాకా అక్కడే నిలబడి ఉంటాను.

లేవి